నీళ్ళెటు, ముక్కెటు

అక్కా,

ముందు చేతిలో ఉన్నది కింద పెట్టు. పగిలేదైతే మరీను. బావ పక్కనే ఉంటే ఆయన్నీ కూర్చోమను. ఇక విను: నాన్న నన్ను సాయం అడిగాడు.

అవును, నన్నే. బల్బు మార్చమంటే వీధి మొత్తాన్ని చీకటి చేసిన నన్ను. నిన్న కాఫీ తాగుతుంటే వచ్చి, "ఒరే, నీకు వైరింగ్ వచ్చు కదా?" అన్నాడు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

సంగతేమిటంటే, నాన్న నడిపే పాత లాంచీని తీసేసి కొత్తది తెస్తున్నారు. దానికి బో థ్రస్టర్ ఉంటుందట. అంటే లాంచీ ముక్కు దగ్గర, నీళ్ళ కింద, ఈ పక్క నుంచి ఆ పక్కకి అడ్డంగా ఒక గొట్టం, అందులో చిన్న పంకా. మీట అటూ ఇటూ తోస్తే పంకా నీళ్ళని పక్కకి చిమ్మి ముక్కుని తిప్పుతుంది. పరీక్ష పెట్టి, దాంతో లాంచీని రేవుకి ఆనించగలిగిన సరంగుకే చక్రం అప్పగిస్తారు. తప్పినవాళ్ళు టికెట్లు చింపుకోవాలి. అందుకని నాన్న ఒక రిమోట్ పడవ కొని పార్కు కొలనులో సాధన చేద్దామనుకున్నాడు. దానికి థ్రస్టర్ బిగించడం నా పని.

నన్ను నిజంగా కొయ్యబారిపోయేలా చేసింది ఇది కాదు. కిందటి వర్షాల్లో లాంచీ జెట్టీకి గీసుకుందట. ఎవరికీ ఏమీ కాలేదు, కాస్త రంగు పోయింది. కానీ అప్పటి నుంచి రేవు దగ్గరపడే కొద్దీ నాన్న చేతులు చెమటలు పడుతున్నాయట. మన నాన్నకి, అక్కా! అలలు మీదికొస్తుంటే ఆవులించే మనిషికి! ఇది నీకు చెప్పొద్దన్నాడు. నేను చెప్పడం లేదు, రాస్తున్నాను. మాట తప్పే వంశం కాదు మనది.

వైరింగ్ దివ్యంగా కుదిరింది. గొట్టం బిగించి, మోటారు తీగలకి టంకం పెట్టి, రిమోట్‌లో ఎడమ చేతి మీటకి కలిపాను. మీట ఎడమకి తోసి, గొట్టం ఎడమ కన్నం దగ్గర చెయ్యి పెడితే చల్లగా గాలి తగిలింది. ఎడమంటే ఎడమే. నా డిగ్రీ ఇన్నాళ్ళకి తలెత్తుకుంది.

నీ తోక

*

అక్కా,

ఈసారి నేను కూర్చుని రాస్తున్నాను, నిలబడే ఓపిక లేక.

ఇవాళ పొద్దున రేవుకి వెళ్ళాను. ఎవరిదో పెద్ద పడవ జెట్టీ వదిలి కదులుతోంది. దానికీ థ్రస్టరుంది. ఎడమ పక్క నుంచి నీళ్ళు బుసబుసా చిమ్ముతున్నాయి. ముక్కు మాత్రం కుడికి పోతోంది. నా నోట్లో పల్లీ నోట్లోనే ఉండిపోయింది. నీళ్ళు ఎడమకి తోస్తే ముక్కు కుడికే పోతుంది కదా! చిన్నపిల్లాడికి కూడా తెలిసే విషయం. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ వెలగబెట్టిన నేను గాలి ఎటు తగిలిందో చూశాను గానీ ముక్కు ఎటు తిరుగుతుందో చూడలేదు. అంటే నాన్న ఇన్ని వారాలుగా తిరగేసిన మీటతో సాధన చేస్తున్నాడన్నమాట!

పరుగున ఇంటికొచ్చాను. నాన్న స్నానానికెళ్ళాడు. ఆయన చెంబు చప్పుడు ఆగేలోగా మోటారు రెండు తీగలూ ఊడదీసి అటుదిటు, ఇటుదటు అతికించేశాను. నీళ్ళలో వేసి చూసే వ్యవధి లేదు. తప్పు దిద్దుకున్నాను, ఎవరికీ తెలియలేదు, ధర్మం నిలిచింది అనుకున్నాను.

సాయంత్రం కొలను దగ్గర నాన్న పడవని రాతిగట్టు పక్కకి తెచ్చాడు. ముక్కు గట్టుకి తగలబోతుంటే మీట తోశాడు. ముక్కు ఇంకా గట్టు మీదికే పోయింది. గట్టిగా తోశాడు. పటుక్కున ముందు భాగం నలిగిపోయింది. నాన్న పడవ వైపు చూడలేదక్కా. తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. చాలాసేపు చూసుకుని, "నా చేతులే నా మాట వినడం లేదురా" అన్నాడు. రేపు ఆఫీసుకెళ్ళి పరీక్షకి రానని చెప్పేస్తాడట.

నా తప్పు ఆయన వేళ్ళలోకి ఎక్కేసింది. ఇప్పుడు తీగలు సరిగ్గా ఉన్నాయి, నాన్న తిరగబడ్డాడు. నేను జోకులేస్తున్నానని అనుకోకు. పొద్దున ఆయన గడప దాటేలోగా చెప్పేస్తాను. తంతే తన్నించుకుంటాను.

తోక, తెగడానికి సిద్ధంగా

*

అక్కా,

చెప్పాను. చెప్పులు వేసుకుంటుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడి, గాలి, పల్లీ, తీగలు, చెంబు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను.

నాన్న ఒక చెప్పుతో అలాగే నిలబడిపోయాడు. తర్వాత అడిగింది ఒకటే మాట. "తీగలు మార్చావా? నిన్న?"

"మార్చాను."

ఆయన గోడకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. అమ్మ వంటింట్లోంచి అట్లకాడతో పరిగెత్తుకొచ్చింది. కళ్ళు తుడుచుకుని నాన్న అన్నదేమిటో తెలుసా? నేను వైరింగ్ తిరగేశానని ఆయనకి మొదటి రోజే తెలుసట! రిమోట్ వెనక ఒక బుల్లి స్విచ్చి ఉంటుంది, అది అటు నెడితే మీట దిశ మారిపోతుంది. కొలనులో రెండు నిమిషాలు చూసి, స్విచ్చి నెట్టేసి, ఇన్నాళ్ళూ సరైన మీటతోనే సాధన చేశాడు. సరిగ్గా నడుస్తున్నదాన్ని నేను దిద్ది తిరగేశాను.

"మరి నాతో ఒక్క మాట అనొచ్చుగా నాన్నా?"

"ఆ రోజు అన్నం తింటూ మీ అమ్మతో రెండుసార్లు చెప్పావురా, వైరింగంతా నాదే అని" అన్నాడు. తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. "అయితే ఇవి బాగానే ఉన్నాయన్నమాట."

ఆయన రెండో చెప్పు వేసుకుని ఆఫీసుకి బయల్దేరాడు, పరీక్ష ఏ రోజో కనుక్కోవడానికి.

ఇవాళే ఆ పరీక్ష అయింది. నేను జెట్టీ మీద నిలబడ్డాను. కొత్త లాంచీ వస్తూ వస్తూ నీళ్ళ మధ్యలో ఆగిపోయింది. ముక్కు కొంచెం ఎడమకి ఊగింది. మళ్ళీ కొంచెం కుడికి. అయిపోయింది, నాన్న తడబడ్డాడు అనుకున్నాను. గుండె జారి ఎక్కడ పడిందో ఇంకా వెతుక్కుంటున్నాను. అంతలో లాంచీ నెమ్మదిగా పక్కకి జరుగుతూ వచ్చి, నిద్రపోతున్న పిల్లాణ్ణి పక్కలో వేసినట్టు, జెట్టీకి వేలాడదీసిన టైర్లకి ఆనింది.

పరీక్ష పెట్టిన పెద్దావిడ దిగి, ఇవాళ వచ్చిన సరంగుల్లో రేవుకి రాకముందే మీటని అటూ ఇటూ పరీక్షించి చూసుకున్నది మీరొక్కరే, ఈ అలవాటు ఎక్కడ నేర్చుకున్నారు అని అడిగింది.

నాన్న టోపీ తీసి, చాలా వినయంగా నా వైపు చూపించాడు.

"మా ఇంట్లో ఒక ఇంజనీరు ఉన్నాడండీ."

చక్రం దక్కించుకున్న సరంగు కొడుకు,
నీ తోక