ఫ్యాను కూడా కలిపిన లెక్క

ఏమయ్యా మరిదీ,

మీ అన్నయ్య సొంతంగా కంప్యూటర్ బిగిస్తున్నారు. పవర్ సప్లై ఎన్ని వాట్లది కొనాలో తేల్చడానికి కాగితం ముందేసుకుని మానిటరూ, ప్రింటరూ, ఆఖరికి నెత్తిమీద తిరిగే ఫ్యానూ కలిపేసి పన్నెండొందలన్నారు. పెట్టె లోపలున్నవాటికే లెక్కగట్టాలని నేనంటే, ఇళ్లకి వైరింగ్ చేసే మనిషి కదా, "నాకే నేర్పుతావా?" అని ఒంటికాలి మీద లేచారు.

కంప్యూటర్లు నీకు కొట్టిన పిండి. ఫోన్ చేసి నువ్వే చెప్పు. మీరిద్దరూ మాట్లాడుకుని ఏడాదైందని మొహమాటపడకు.

నిజం చెప్పనా? లోపలివన్నీ కలిపితే నాలుగొందలే. కాస్త ఎక్కువుంటే మంచిదని ఐదొందల యాభైది నిన్ననే కొనేసి, పాత దుప్పట్ల కింద దాచాను. అన్నదమ్ములు మాట్లాడుకున్నాకే బయటికి తీస్తాను.

మీ వదిన