వసతి గృహంలో కటింగ్

ప్రియమైన అన్నయ్యకు,

వదిన పోయాక నువ్వు సెలూన్ షట్టర్ ఎత్తడం లేదనీ, తిండి కూడా సరిగ్గా తినడం లేదనీ ఎదురుకొట్టు టైలరు చెప్పాడు. నాకు భయంగా ఉంది. నువ్వు కూడా ఇలా అయిపోతే నేనెవరితో పోట్లాడను? ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే మొహం మీద తలుపు వెయ్యకు. నా మీద ఒట్టు.

నీ చెల్లి

చెల్లెమ్మా,

ఒట్టు పెట్టి చంపావు. రిటైరైన బస్సు డ్రైవరొకాయన వచ్చాడు. దిక్కులేని పెద్దవాళ్ల కోసం వాళ్ల స్వచ్ఛంద సంస్థ ఒక వసతి గృహం నడుపుతోందట. కటింగ్ చేసేవాడు మానేశాడు, మీరు రాకపోతే కుదరదని గుమ్మంలోనే బైఠాయించాడు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. విసుగొచ్చి కత్తెర పట్టుకుని బయల్దేరాను.

అక్కడొక ముసలాయన పాపిడి ఎటు తియ్యాలో నాకే పాఠం చెప్పాడు. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. నేను కళ్లు తుడుచుకుని మళ్లీ కత్తెర పట్టేదాకా అందరూ అలాగే కూర్చున్నారు.

నీ సంగతులు రాయవేం?

మీ అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు నవ్వావని చదివి ఉత్తరం కళ్లకద్దుకున్నాను. ఆ ముసలాయనకు నా నమస్కారాలు చెప్పు.

నా సంగతులేముంటాయి? రెడీమేడ్ బట్టలొచ్చాక నా కుట్టుపని ఎవరికి కావాలి? మిషన్ మీద దుప్పటి కప్పేశాను. నాలుగు గోడలూ నేనూ. నా గొడవ వదిలెయ్, నువ్వు వేళకు తిను.

నీ చెల్లి

చెల్లెమ్మా,

షట్టర్ ఎత్తాను. సెలవురోజు మాత్రం వసతి గృహానికే.

ఆ డ్రైవరును పంపింది నువ్వేనని, ఒట్టు పెట్టింది అందుకేనని మొదటిరోజే తెలిసిపోయింది. పాపం, వాళ్లు ఎప్పుడూ వచ్చే కటింగ్ అతన్ని ఆ రోజు రావద్దనడం మర్చిపోయారు. నేను వెళ్లేసరికి అందరికీ కటింగ్ అయిపోయి ఉంది. మెడల మీద పౌడరు కూడా ఇంకా చెరగలేదు. అయినా ఒక్కరూ నోరు విప్పలేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా ముందు తల వంచారు. నేనూ ఏమీ ఎరగనట్టు ఉత్త గాలిలో కత్తెర ఆడించాను.

సాయం చేస్తామని వచ్చుంటే తలుపు వేసేవాణ్ణి. సాయం చెయ్యమన్నారు కాబట్టి బతికాను. వాళ్ల రుణం తీర్చుకోలేను, నీదీ అంతే.

ఇప్పుడు నేనూ ఆ సంస్థ మనిషినే. మీ ఊళ్లో ఉన్న మావాళ్లకు నీ అడ్రసిచ్చాను. గురువారం ఒకావిడ వస్తుంది, దిండు గలీబులు లేక ఇబ్బందిగా ఉంది, కుట్టిపెట్టమంటుంది. వాళ్ల బీరువా నిండా గలీబులే.

అయినా కుట్టు.

మీ అన్నయ్య