గోలీల మీదికి నెట్టిన నొప్పి

పిల్లల బాపుకు,

గంజి కాచి పెట్టాను, చల్లారాక మగ్గం పడుగు నూలుకు పట్టించు. చిన్నది లేవగానే అన్నం తినిపించు. నేను రామన్నపేటకు, డాక్టరమ్మ దగ్గరికి పోతున్నాను.

కాన్పులు ఆగడానికి ఆమె ఇచ్చిన గోలీలను నిన్న అత్తమ్మ పొయ్యిలో వేసింది. "గా గోలీలు మింగవట్టే నీ పిక్కలు గుంజుతున్నయి, మడమ నరం పట్టు తప్పింది. రేపు మగ్గం ఎవలు తొక్కాలె?" అన్నది. నువ్వు పక్కనే నిలబడి తలూపావు.

నలుగురిని కని నా నడుము వదులైపోయింది. ఐదో బిడ్డ కడుపులోనే పోతే, పచ్చి ఒంటితోనే మగ్గం గుంతలో కూర్చున్నాను. అప్పుడు నా నరాల ఫికర్ ఈ ఇంట్లో ఎవరికీ లేదు. గోలీలు మింగితే మాత్రం అందరికీ నా కాళ్లు గుర్తొచ్చాయి.

ఈ నొప్పి గోలీలదో మగ్గానిదో డాక్టరమ్మనే అడుగుతాను. గోలీలదే అంటే మానేసి, వేరే ఉపాయం చెప్పమంటాను. ఏదైనా సరే, ఇంకొకరిని మాత్రం కనను.

ఆండాళు

చెప్పడం మరిచాను. నీ బొంత అత్తమ్మ అర్రలో వేశాను. ఇక నుంచి అక్కడే పడుకో.