గుండీల సంచి

మార్చి 4, సోమవారం

గేటు దగ్గరి గుండీల సంచి చిరిగిపోయింది. తెల్ల గుండీలు, వాటితో రెండు నల్లవి నేల మీద దొర్లాయి. మాది కుట్టు ఫ్యాక్టరీ, గేటు కాపలా నాది. షిఫ్ట్ వదిలాక ప్రతి మనిషీ ఆ సంచిలో చెయ్యి పెట్టి ఒక గుండీ తీయాలి. నల్లది వస్తే, ఫ్యాక్టరీ సరుకేమైనా దాచారేమో చూడ్డానికి నా ముందు బ్యాగ్ విప్పాలి. తెల్లదైతే ఇంటికి. ఇన్నేళ్లూ అదే పద్ధతి.

కొత్త సంచి ఎందుకన్నాడు మేనేజర్. నువ్వు భక్తిపరుడివి, మనిషిని చూస్తే తెలిసిపోదా, అనుమానం వచ్చినవాళ్లనే ఆపు, విప్పిన ప్రతి బ్యాగూ రిజిస్టర్లో రాయి, మూడుసార్లు పేరెక్కినవాళ్లు మనకొద్దు అన్నాడు.

మా ఆవిడ నవ్వింది. ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా కనబడదు గానీ మనుషుల లోపలిది కనబడుతుందట!

నవ్వనీ. బడి ముఖం చూడకుండా, పాత పేపర్లలో అక్షరాలు కూడబలుక్కుని బైబిలు వాక్యం చదవడం నేర్చినవాణ్ణి. దేవుడిచ్చే వివేచన వరమంటే ఇదే.

మార్చి 10, ఆదివారం

ఈరోజు ప్రార్థన హాల్లో నా ప్రసంగం, బంగారు ఉంగరం వాడికి కుర్చీ వేసి మాసిన బట్టల వాణ్ణి కాళ్ల దగ్గర కూర్చోబెట్టేవాళ్ల మీద. గంటన్నర నిప్పులు కురిపించాను. గొంతు పోయింది. నువ్వు అరుస్తుంటే ఫ్యాన్ కూడా భయపడి జోరుగా తిరిగింది అంది మా ఆవిడ.

పాట ఎత్తుకున్నది కాజాలావిడ. మా ఫ్యాక్టరీలోనే, చొక్కాలకు గుండీ కాజాలు కుట్టే మెషిన్ మీద పని. కాలువ అవతలి మనిషి. అవతలి వాళ్లు మా హాల్లో బెంచీ మీద కూర్చుంటున్నారంటే నా చలవేనని అందరూ అంటారు. నేనూ కాదనను.

మార్చి 14

తొమ్మిది మందిని ఆపాను. ఏమీ దొరకలేదు.

మార్చి 19

కాజాలావిడను ఆపాల్సి వచ్చింది. తల దించుకుని గబగబా పోతోంది. తప్పు లేనివాళ్లు తల దించుకోరు. టిఫిన్ డబ్బా, తువ్వాలు, పాటల పుస్తకం. పుస్తకాన్ని తలకిందులు చేసి దులిపాను. ఏం లేదమ్మా, వెళ్లొచ్చు అన్నాను. హాల్లో నన్ను బ్రదర్ అంటుంది. గేటు దగ్గర సార్ అంది.

మార్చి 27

మళ్లీ ఆమే. ఈసారి తల ఇంకా కిందికి. రాశాను. రెండు.

ఏప్రిల్ 2

ఈరోజు ఆమెను ఆపాలనుకోలేదు. ఒట్టు. తనే వచ్చి టేబుల్ మీద బ్యాగ్ విప్పింది. ఎట్లాగూ అడుగుతారుగా సార్, మీకెందుకు శ్రమ అంది. వెనక నుంచి కటింగ్ మాస్టర్, అలవాటైపోయింది పాపం అన్నాడు. లైనంతా నవ్వింది. నేనూ నవ్వాను.

విప్పిన బ్యాగ్ రాయాలి. రాశాను. మూడు.

ఏప్రిల్ 3

ఆమెను తీసేశారు.

ఏప్రిల్ 7, ఆదివారం

పాట ఎత్తుకునే మనిషి లేదు. అవతలి వాళ్ల బెంచీ ఖాళీ. పది నిమిషాల్లో ముగించాను.

ఏప్రిల్ 8, ఉదయం 6

గేటు తెరవక ముందే వచ్చి రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాను. నలభై ఒక్క పేర్లు. ముప్పై ఎనిమిది కాలువ అవతలివి.

ముఖాలు చూసి ఆపాననుకున్నాను. ఇప్పుడు ఒక్క ముఖమూ గుర్తు రావడం లేదు. చెప్పులు గుర్తొస్తున్నాయి. అవతల ఇంకా రోడ్డు వెయ్యలేదు, ఎండాకాలంలోనూ గట్టంతా బురదే. నేను ఆపింది బురద చెప్పులను. ఆపుతున్నానని వాళ్లు తల దించుకున్నారు. తల దించుకున్నారని మళ్లీ ఆపాను.

నా బైబిల్లో, మనుషులు పైపైన చూస్తారు, ఆయన లోపల చూస్తాడు అన్న మాట కింద ఎర్ర పెన్సిల్ గీత ఉంది. నేను గీసిందే. ఎప్పుడో.

అదే రోజు, సాయంత్రం

మేనేజర్‌తో చెప్పాను. తప్పు నాది, ఆమెను పిలిపించండి, నలభై ఒక్క మందిలో ఒక్కరి దగ్గరా ఏమీ దొరకలేదు అన్నాను. నీకు భయపడే ఎవరూ ఏమీ తియ్యలేదయ్యా అన్నాడు. వాక్యం తెరిచాను. అవన్నీ ఆదివారం చదువుకో అన్నాడు. ఆమె మెషిన్ మీద అప్పుడే వేరే మనిషి కూర్చుందట. నిన్న దిండు గలీబు చింపి కుట్టిన కొత్త సంచి చూపించాను. కన్నెత్తి చూడలేదు.

విజిల్ టేబుల్ మీద పెట్టి వచ్చేశాను. ఇదేదో పౌరుషం కాదు. రేపు ఆ గేటు దగ్గర నిలబడి మళ్లీ చెప్పులు చూసే ఓపిక లేదు, అంతే. యాభై ఆరేళ్లకు ఇంకో పని ఎవరిస్తారు?

మా ఆవిడను అడిగితే, ముందు ఆమె ఇంటికి వెళ్లి రా, తర్వాత ఏడుద్దువు గాని అంది.

ఏప్రిల్ 10

కాలువ దాటాను. హాల్లో ప్రసంగాలు మొదలుపెట్టిన పన్నెండేళ్లలో మొదటిసారి.

గడప దగ్గరే ఆపింది. బ్యాగ్ చూపించమంది. విప్పాను. కళ్లజోడు, తువ్వాలు, వాక్యం. వాక్యాన్ని తలకిందులు చేసి, ఒక్కో పేజీ రాలేలా దులిపింది. నేను తల దించుకుని నిలబడ్డాను. నా చెప్పుల నిండా బురద.

సార్ అనలేదు. బ్రదర్ అనలేదు.

ఏం లేదు, వెళ్లొచ్చు అంది.