ఒబ్దులియా ఇంటి వరుస

వాల్దెసెర్నా, ఏప్రిల్ 9

నా చిట్టి పిచ్చుకా,

నెరేయా అని రాయబోతే చెయ్యి ఇలా రాసేసింది, ఏమనుకోకు. నువ్వు వెళ్ళి వారమైంది. ఎలాదియో మంచం మీద దుప్పటి ఇంకా మార్చలేదు. నా కొడుకు పోయాక ఆ గదిలో పడుకున్నదానివి నువ్వొక్కదానివే.

కాలువలో నువ్వు దించిన పెట్టె ఇంకా మిణుకుమంటోంది. దారిలో ఎన్ని నీళ్ళు ఇంకిపోతున్నాయో దానికి తెలుస్తుందన్నావు. రోజూ వెళ్ళి చూసొస్తున్నాను. అరచేతంత లేదు, దాని ముందు నిలబడితే చర్చిలో ఉన్నట్టే ఉంటుంది.

దానికి నా అబద్ధమూ తెలిసిపోతుందేమోనని భయం పట్టుకుంది. ఊరు ఎంత తెలివిగా బతుకుతోందో, ఎన్నాళ్ళు నిలుస్తుందో కొలవడానికి మీ ఆఫీసు తరఫున వచ్చి నువ్వు వేసిన నూరు ప్రశ్నల్లో ఒకదానికి అబద్ధం చెప్పాను. కాలువ పనికి గంట కొడితే మీ ఇంటి నుంచి ఎవరు వెళ్తారన్నావు. నేనే అన్నాను. ఎలాదియో ట్రాక్టర్ కింద పడి పోయి రెండేళ్ళు. అప్పట్నుంచి ఈ ఇంటి మనిషి వెళ్ళలేదు. గంట వినబడితే తలుపు గడియ పెట్టుకుంటాను. మూడుసార్లు రాని ఇంటికి నీటి వంతు తీసేస్తారు, తాతల నాటి కట్టుబాటు అది. వంతు పోతే వాడు నాటిన నలభై ఆపిల్ మొక్కలూ ఎండిపోతాయి. వాడిలో నాకు మిగిలింది అవే. ఎవరూ ఏమీ అనలేదు, మరిచారేమో. ఊరి పెద్ద సెకుందినోతో అనకు తల్లీ.

నీ ఒబ్దులియా


లెయోన్, మే 2

ప్రియమైన పెద్దమ్మా,

మీ ఊరికి నూటికి ముప్పై ఎనిమిది వచ్చింది. యాభై దాటకపోతే, మీ కాలువకు నీళ్ళు వదిలే ఆ మంచుకు విరిగిన తలతూమును మా వాళ్ళు కట్టించరు.

‘మీ ఇష్టంతో ఊరికోసం ఎన్ని గంటలు పనిచేస్తారు’ అన్నచోట పందొమ్మిది మందీ సున్నా రాశారు. మా ఆఫీసులో నవ్వారు. సెకుందినో గారిని ఫోన్‌లో అడిగితే కసిరారు: “ఇష్టమేంటమ్మాయ్? గంట కొడితే పార పట్టుకుని పోతాం. ఇష్టపడి బురదలో దిగేదెవడు?”

కానీ పెద్దమ్మా, ఆ పెట్టె చెప్పింది వినండి. నాలుగు కిలోమీటర్ల మట్టి కాలువలో చెంబుడు నీళ్ళు బయల్దేరితే దాదాపు చెంబుడూ ఊరు చేరుతున్నాయి. కొలిచిన అరవై ఊళ్ళలో ఇలాంటిది లేదు. పెట్టె చెడిందేమోనని రెండుసార్లు మార్చి చూశాం. మళ్ళీ అదే లెక్క.

ఆ పనికి రుజువు మీ ఊరి హాజరు పుస్తకం, అది చూపిస్తే మార్కులు పెరుగుతాయి. అందులో మీ ఇంటి వరుసా ఉంటుంది. ఇంకా అడగలేదు. మీరు వద్దంటే అడగను.

మీ నెరేయా


వాల్దెసెర్నా, మే 27

పిచ్చుకా,

మూడు వారాలు జవాబు రాయలేకపోయాను. రోజూ మొక్కల మధ్య తిరిగాను. మొదటి పూత వచ్చింది.

తూము లేకపోతే ఎండలు ముదిరాక ఊళ్ళో ఎవరికీ నీళ్ళుండవు. నా నలభై మొక్కల కోసం అందరి గొంతూ ఎండగట్టనా? పుస్తకం తెప్పించు. ఆదివారం పూజ అయ్యాక సెకుందినోకి నేనే చెప్పేస్తాను.

ఒబ్దులియా


లెయోన్, జూన్ 5

పెద్దమ్మా,

పుస్తకం వచ్చింది. ఊరు యాభై ఏడుకి చేరింది, తూము కడతారు.

మీ ఇంటి వరుస మూడుసార్లు చూశాను. ఎలాదియో పోయాక ఇరవై రెండుసార్లు గంట కొట్టారు. మీ ఇంటి పేరు ఎదుట ఇరవై రెండు గుర్తులున్నాయి. ఒక్కటీ ఖాళీ లేదు. ఎవరు వెళ్ళారు పెద్దమ్మా?

నెరేయా


వాల్దెసెర్నా, జూన్ 14

నా పిచ్చుకా,

ఆ ఆదివారం సెకుందినో గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. నీ ఉత్తరం చదివాక మళ్ళీ వెళ్ళాను.

పారకి పిడి బిగిస్తున్నాడు. అంతా చెప్పాను. తలెత్తకుండానే అన్నాడు:

“ఇల్లు వచ్చిందా అని అడుగుతుంది ఆ పుస్తకం. ఎవరి చేతులని అడగదు, ఒబ్దులియా.”

గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఎలాదియోని మట్టిలో పెట్టిన వారం నుంచే ఇంటికొకరు వంతు వేసుకున్నారట. వంతు వచ్చినవాళ్ళు తమ పని ముగించి మళ్ళీ నా ఇంటి పేరున పార ఎత్తేవారట. ఎనభై ఒకటి నిండిన బెనీగ్నా నాలుగుసార్లు ఎత్తిందట.

నాకెందుకు చెప్పలేదన్నాను.

“చెబితే సూప్ కాచి తెచ్చేదానివి. నీ వెల్లుల్లి సూప్ ఎవడు తాగుతాడు?”

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మోకాళ్ళ నొప్పితోనే కాలువ గట్టు పట్టుకుని పైదాకా నడిచాను. కాలువలో మా ఇల్లు బాగుచేయాల్సిన ముక్క మొదలయ్యే చోట హద్దురాయి ఉంది. అక్కడి గడ్డి పక్క ఇళ్ళ ముక్కలకంటే దగ్గరగా కోసి ఉంది. గట్టు రాళ్ళు ఒక్కటీ కదల్లేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నీళ్ళు చప్పుడు లేకుండా పోతున్నాయి, నా బిడ్డ మొక్కల వైపు. రెండేళ్ళు నేను గడియ పెట్టుకున్న తలుపు అవతల ఇంత జరిగింది తల్లీ. వాడు పోయినప్పుడు కూడా నేనలా ఏడవలేదు. దీన్ని మీ కాగితంలో ఎక్కడ రాస్తారో నాకు తెలియదు.

గురువారం గంట కొడతారు. నేనూ వెళ్తున్నాను. పార ఎత్తలేను గనక గట్టు మీద కూర్చుని హాజరుకి పేర్లు పిలుస్తాను.

ఉంటాను,
నీ పెద్దమ్మ ఒబ్దులియా

వేళకు కడుపునిండా తిను తల్లీ.