కంటికొలత

అక్కా,

నువ్వు కుట్టిన ఈత డ్రెస్సు అందింది. రంగు భలే నచ్చింది. కానీ నీ ఒకప్పటి తమ్ముడు ఎవరి కంటా పడకూడదని ముందువైపు లోపలి గుడ్డ మరీ బిగించేశావు. నీళ్ళలో దిగిన కాసేపటికే తొడలు తిమ్మిరెక్కి కళ్ళు బైర్లు కమ్మాయి. బట్టలు మార్చుకునే గదిలో గడియ పెట్టుకుని, బయట ఆడవాళ్ళ నవ్వులు వింటూ, పళ్ళ బిగువున విప్పుకున్నాను.

క్లినిక్‌లో నర్సమ్మ అంది: "నొప్పెడితే అది నీ సైజు కాదమ్మా. సాగే గుడ్డ రెండు పొరలు వేయించుకో, బిగుతు మాత్రం వద్దు."

నీ కొట్టుకొచ్చే ప్రతి ఆడమనిషినీ కర్టెన్ వెనక్కి పిలిచి, ఒంటిమీద టేపు పెట్టి కొలుస్తావు. నన్ను మాత్రం గుమ్మంలోనే నిలబెట్టి కంటికొలతతో కత్తిరించావు.

ఆదివారం వస్తున్నాను. కర్టెన్ వెనక్కి పిలుస్తావా, మళ్ళీ గుమ్మంలోనేనా?

నీ చెల్లెలు