రొంటిన దోపిన పిలుపు

మంగళవారం, ముక్తేశ్వరం

మంచాన పడ్డ మావయ్యగారు నిన్న దాహమని ఎంత పిలిచినా, పెరట్లో ఉన్న అత్తయ్యకు వినపడలేదు. ఆవిడకు చెవుడు. అందుకే చేతికి కట్టుకునే చిన్న పరికరం చేశాను. ఆయన మీట నొక్కితే అది వణుకుతుంది. ఈ రోజు కట్టి చూస్తే, గాజుల సందడిలో ఆ వణుకు ఆవిడకు తెలియనే లేదు.

గాజులు తియ్యమని సైగ చేశాను.

"ఆయన నిక్షేపంలా ఉండగా గాజులు తియ్యమంటావేమిటే? కాన్వెంటులో ఇవేనా నేర్పేరు!"

పరికరానికున్న పట్టీ ఊడదీసి, నడుం దగ్గర తాళాలు దోపుకునే రొంటిన దాన్ని దోపుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. మావయ్యగారు నా వైపు చూసి, మీట నొక్కారు.

"ఆయ్, వస్తున్నానండీ!"

వచ్చి ఆయన మీదికి వంగి, నోటి దగ్గర చెవి పెట్టింది. "ఏం కావాలండీ?"

"ఏమీ వద్దు. ఆయ్ అంటావని."

"చాల్లెండి, పిల్ల ముందు."

పట్టీ ఖర్చు తప్పింది. చెమటకు పాడవుతుందేమో, చూడాలి. ఎవరైనా చేసుకునేలా దీని నమూనా ఇంగ్లీషులో రాసి నెట్‌లో పెడుతున్నాను. ఎక్కడ ధరించాలో చెప్పేచోట రొంటికి మాట దొరక్క, రొంటి అనే ఉంచేశాను.

ముందు గదిలో మావయ్యగారు మళ్ళీ నొక్కినట్టున్నారు. వంటింట్లోంచి "ఆయ్" వినిపించింది.